ఈసీఎం (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) రిపేరు చేయించి బిగించాక ఇంజిన్ వేడెక్కితే ఆగిపోతోంది: లోపం ఈసీఎంలోనా, కారులోనా?

బెజవాడ_డ్రైవర్
నాది 2014 నాటి 1.5 లీటర్ల కామన్ రైల్ డీజిల్ సెడాన్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఈ కారు కూడా సీట్ల ఎత్తు వరకు నీటిలో ఉండిపోయింది. బీమా కింద ఒక వర్క్‌షాపువారు ఆయిలు, డీజిలు మార్చి, ఇంజిన్ మీది వైరింగ్ అంతా విప్పి ఆరబెట్టి, తిరిగి బిగించి ఇచ్చారు. ఆ తరవాత చాలా నెలలు బండి ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఆ మీదట ఒకరోజు రెండు సిలిండర్లు ఒకేసారి పనిచేయడం మానేశాయి. స్కానర్‌లో 2, 3 సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల సర్క్యూట్లలో లోపమని చెప్పే పి0202, పి0203 కోడ్‌లు వచ్చాయి. ఇంజెక్టర్లను విప్పి డీజిల్ పంపుల షాపులో పరీక్షిస్తే నాలుగూ బాగున్నాయన్నారు. ఈసీఎంలో ఇంజెక్టర్లను నడిపే భాగం కాలిపోయిందని తేల్చి, దానిని బయటికి పంపి రిపేరు చేయించారు.

తిరిగొచ్చిన ఈసీఎం బిగించాక నాలుగు సిలిండర్లూ చక్కగా పనిచేస్తున్నాయి. అయితే ఇంజిన్ బాగా వేడెక్కిన తరవాత, ముఖ్యంగా గతుకుల రోడ్డు మీద, ఒక్కసారిగా ఆగిపోతోంది. కాసేపు ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. రిపేరు చేసినవారిని అడిగితే బల్ల మీద పరీక్షించే పంపామని, లోపం కారులోనే ఉందని అంటున్నారు. షెడ్డువారేమో ఈసీఎం రిపేరు సరిగ్గా జరగలేదంటున్నారు. ఇద్దరి మధ్య నేను నలిగిపోతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

అనంత_రోడ్లు
రిపేరు చేసిన ఈసీఎం మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఒకసారి కాలిన బోర్డు ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇదే మోడల్ పాత కారు నుంచి తీసిన ఈసీఎం ఒకటి వెతికి బిగించుకోండి. సమస్య అక్కడితో తీరిపోతుంది.

పాత_షెడ్డు
అనంత_రోడ్లు గారి సలహాతో నేను ఏకీభవించలేను. మొదటి ఈసీఎం ఎందుకు కాలిందో తెలియకుండా రెండోది బిగిస్తే, అదే కారణం దానినీ కాలుస్తుంది. ఈసీఎం ఊరికే పోయే వస్తువు కాదు. నీరు లోపలికి దిగడం, వైరు షార్ట్ కావడం, కాయిల్ గానీ ఇంజెక్టర్ గానీ పాడై ఎక్కువ కరెంటు లాగడం, బ్యాటరీ తీగలు తారుమారు చేయడం, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీయడం వంటి కారణం ఏదో ఒకటి ఉంటుంది. బెజవాడ_డ్రైవర్ గారి కారులో ఆ కారణం ఏమిటో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అందరూ కాలిన భాగం గురించే మాట్లాడారు.

ఓరుగల్లు_స్కానర్
ఇంజిన్ ఆగిపోయిన ఆ క్షణంలో వచ్చే కోడ్‌లు ఏమిటి? దయచేసి వాటిని తుడిచేయకండి. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే సమాచారం కూడా నిల్వ ఉంటుంది. లోపం తలెత్తినప్పుడు ఇంజిన్ వేగం ఎంత, నీటి వేడి ఎంత, బండి ఎంత వేగంతో పోతోంది అన్నవన్నీ అందులో కనిపిస్తాయి. కోడ్ తుడిస్తే అదీ పోతుంది.

ఇంకొక ముఖ్యమైన ప్రశ్న. బండి ఆగిపోయి స్టార్ట్ కాకుండా ఉన్న సమయంలోనే కీ ఆన్ చేసి స్కానర్ కలిపితే, ఈసీఎం జవాబిస్తోందా, లేదా? ఈ ఒక్క విషయం తెలిస్తే మన వెతుకులాట సగానికి తగ్గుతుంది. జవాబివ్వకపోతే ఈసీఎంకు వచ్చే కరెంటు, ఎర్త్, ఆ కరెంటును కలిపే మెయిన్ రిలే, లేదా బోర్డు లోపలి భాగాలు చూడాలి. జవాబిస్తే ప్రాసెసర్ మేలుకునే ఉందని అర్థం. అప్పుడు సెన్సార్ల వైపు చూడాలి.

న్యూజెర్సీ_నాని
ఫ్రీజ్ ఫ్రేమ్ గురించి పై సభ్యులు చెప్పినదానిని నేను గట్టిగా సమర్థిస్తాను. అమెరికాలో ఈసీఎం ఉద్గారాల నియంత్రణ భాగాల కిందికి వస్తుంది కాబట్టి, ఫెడరల్ నిబంధనల ప్రకారం దానికి 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల వారంటీ ఉంటుంది. నా కారుకు ఆ వారంటీ కిందే మార్చారు. కానీ మార్చిన వెంటనే పొగ తనిఖీకి తీసుకెళ్తే వెనక్కి పంపారు. కోడ్‌లు తుడిచినా, ఈసీఎం మార్చినా, లోపలి స్వీయ పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి పూర్తి కావాలి. అందుకు చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి ఊరిలోనూ హైవే మీదా కొంత దూరం నడపాల్సి ఉంటుంది. అవి పూర్తి కాకుండా కోడ్ లేదంటే బండి బాగుందని కాదు, ఈసీఎం ఇంకా చూడలేదని మాత్రమే అర్థం.

కరీంనగర్_పెట్రోల్
పాత_షెడ్డు గారు చెప్పినట్టే మా అన్నయ్య పెట్రోల్ కారులో జరిగింది. మూడో సిలిండర్ మంట అందుకోవడం లేదని ఈసీఎం రిపేరు చేయించారు. బిగించిన కొద్ది రోజులకే అదే సిలిండర్ మళ్లీ ఆగింది. చివరికి తేలింది ఏమిటంటే, ఆ సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ లోపల షార్ట్ అయి ఉంది. అది కొత్తగా వేసిన ట్రాన్సిస్టర్‌ను కూడా కాల్చేసింది. కాయిల్ ధర ఎంత, రెండుసార్లు చేయించిన ఈసీఎం రిపేరు ఖర్చు ఎంత!

సర్క్యూట్_సుబ్బు
హైదరాబాద్‌లో ఈసీఎంలు రిపేరు చేయడమే నా వృత్తి. రిపేరు చేసేవారి వైపు నుంచి రెండు మాటలు చెప్పాలి.

బల్ల మీద పరీక్షించామంటే దాని అర్థం పరిమితమైనది. బోర్డుకు 12 వోల్టులు ఇచ్చి, ఇంజిన్ తిరుగుడును తెలిపే క్రాంక్ సెన్సార్, క్యామ్ సెన్సార్ సంకేతాలను కృత్రిమంగా పంపి, ఇంజెక్టర్ పల్స్ వస్తోందో లేదో చూస్తారు. ఇంజిన్ గదిలో ఉండే వేడి, అదురు, కారులోని అసలు వైరింగ్ ఆ బల్ల మీద ఉండవు. మంచి రిపేరు కేంద్రంలో బోర్డును వేడి చేసి, నిజమైన ఇంజెక్టర్లను లోడుగా పెట్టి చూస్తారు. అందరూ అలా చేయరు. కాబట్టి ఆ పరీక్ష నెగ్గిందంటే ఈసీఎంలో లోపమే లేదని నేను అనను. అలాగని లోపం ఈసీఎందేనని షెడ్డువారు కొలతలు లేకుండా తేల్చేయడమూ సరికాదు.

బెజవాడ_డ్రైవర్ గారూ, ఏ భాగం మార్చారో రిపేరు చేసినవారిని రాతపూర్వకంగా అడగండి. డీజిల్ ఇంజెక్టర్‌ను తెరవడానికి 12 వోల్టులు చాలవు. ఈసీఎం తనలోని కెపాసిటర్లలో సుమారు 65 నుంచి 80 వోల్టుల దాకా నిల్వ చేసి, ఒక్కసారిగా 20 ఆంపియర్ల దరిదాపుల్లో కరెంటు పంపుతుంది. నాలుగు సిలిండర్లను సాధారణంగా రెండేసి చొప్పున జతలుగా నడుపుతారు. మీకు 2, 3 సిలిండర్లు కలిసి ఆగాయి. అంటే ఆ జతకు కరెంటు పంపే ఉమ్మడి మోస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) కాలి ఉండాలి. అది కాలడానికి తరచుగా కనిపించే కారణం ఆ జతలో ఒక ఇంజెక్టర్ గానీ, దాని వైరు గానీ ఎర్త్‌కు తగలడం. ఇంజెక్టర్లు బాగున్నాయని మీరే రాశారు. మరి వైర్లను ఎవరైనా చూశారా?

బెజవాడ_డ్రైవర్
మోస్‌ఫెట్ మార్చినట్టు బిల్లులోనే రాసి ఉంది. వైర్లు చూశామని ఎవరూ చెప్పలేదు.

నిన్న బండి మళ్లీ ఆగినప్పుడు స్నేహితుడి స్కానర్‌తో వెంటనే చూశాను. ఈసీఎం జవాబిచ్చింది. వచ్చిన కోడ్‌లు పి0641, పి0192, పి0237, పి2122. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో నీటి వేడి 88 డిగ్రీలు, బండి వేగం గంటకు 42 కిలోమీటర్లు అని ఉంది.

గాజువాక_గ్యారేజ్
ఇంజెక్టర్లకు చేరే డీజిల్ ఒత్తిడిని కొలిచే రైల్ ప్రెషర్ సెన్సార్, టర్బో ప్రెషర్ సెన్సార్, యాక్సిలరేటర్ పెడల్ మూడూ ఒకేసారి పాడవుతాయా? ఇన్ని కోడ్‌లు ఒకేసారి వస్తే ఈసీఎం మతి తప్పినట్టే. నేనైతే తిరిగి రిపేరుకు పంపుతాను.

ఓరుగల్లు_స్కానర్
గాజువాక_గ్యారేజ్ గారూ, మూడూ ఒకేసారి పాడవవన్న మీ మాట నిజమే. కానీ దాని నుంచి ఈసీఎం పోయిందన్న నిర్ధారణకు రాలేము. ఈ కోడ్‌లను వరసగా పెట్టి చదివితే అవి ఒకే మాట చెబుతున్నాయి.

పి0641 అంటే సెన్సార్లకు ఈసీఎం ఇచ్చే 5 వోల్టుల రిఫరెన్సు సరఫరాలలో మొదటిదైన ‘ఏ’ (A) లైనులో లోపం. పి0192 రైల్ ప్రెషర్ సెన్సార్ సంకేతం మరీ తక్కువగా ఉందని, పి0237 టర్బో ప్రెషర్ సంకేతం తక్కువగా ఉందని, పి2122 పెడల్‌లోని మొదటి ట్రాక్ సంకేతం తక్కువగా ఉందని చెబుతున్నాయి. పెడల్‌లో రెండు ట్రాక్‌లు ఉంటాయి. భద్రత కోసం వాటికి వేర్వేరు 5 వోల్టుల లైన్లు ఇస్తారు. రెండో ట్రాక్‌కు సంబంధించిన పి2127 రాలేదు. అంటే ‘బీ’ (B) లైను బాగుంది, ‘ఏ’ లైను ఒక్కటే పడిపోతోంది. ఆ లైను మీద బతికే సెన్సార్లన్నీ దానితో పాటు పడిపోతున్నాయి. రైల్ ప్రెషర్ తెలియకపోతే ఈసీఎం ఇంజెక్షన్ ఆపేస్తుంది. అందుకే బండి ఆగుతోంది.

కాబట్టి ఇప్పుడు మూడే అనుమానాలు మిగిలాయి. ‘ఏ’ లైను మీది ఏదో ఒక సెన్సార్ వేడికి లోపల షార్ట్ అవుతోంది, లేదా ఆ వైరు ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది, లేదా ఈసీఎంలో ఆ 5 వోల్టులు తయారు చేసే భాగమే బలహీనంగా ఉంది.

కరీంనగర్_పెట్రోల్
ఈ వివరణ చదివాక నాకు కోడ్‌లంటే భయం పోయింది. మా ఊరి షెడ్డులో ఒక్కో కోడ్‌కు ఒక్కో సెన్సార్ కొనిపిస్తారు.

పాత_షెడ్డు
ఓరుగల్లు_స్కానర్ గారి తర్కం నాకు నచ్చింది. అయినా మునిగిన కారు కాబట్టి ఎర్త్ చూడకుండా ముందుకు పోవద్దంటాను. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు పైకి శుభ్రంగా కనిపించినా, కింద పెయింటు మధ్య తుప్పు పట్టి ఉంటుంది. దీనిని మల్టీమీటర్ బీప్ శబ్దంతో పరీక్షించకండి. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలినా మీటరు బీప్ అంటుంది, కానీ ఆ ఒక్క పోగు కరెంటు మోయలేదు. మీటరు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర తీగను వైర్లు ఈసీఎంకు కలిసే ప్లగ్, అంటే కప్లర్‌లోని ఎర్త్ పిన్ను వెనుక వైపున ఉంచి, సెల్ఫ్ కొడుతూ వోల్టేజీ చూడండి. 0.1 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టు. ఈసీఎంకు వచ్చే పాజిటివ్ వైరును కప్లర్ ఊడదీసి పరీక్షించేటప్పుడు 55 వాట్ల హెడ్‌లైటు బల్బును దానికి కలపండి. బల్బు నిండుగా వెలిగితే ఆ వైరు నాలుగున్నర ఆంపియర్లు మోస్తోందని ధైర్యంగా చెప్పవచ్చు.

అయితే ఆ బల్బును 5 వోల్టుల లైను మీద ఎప్పుడూ పెట్టకండి. ఈసీఎం నిజంగానే పోతుంది.

వైరింగ్_లక్ష్మి
చెన్నైలో కార్ల వైరింగ్ డిజైన్ చేసే ఉద్యోగం నాది. పై సలహాకు ఒక జాగ్రత్త చేర్చాలి. మీటరు సూదిని కప్లర్ ముందు వైపు నుంచి ఆడ పిన్నులోకి గుచ్చకండి. పిన్ను వెడల్పు అయిపోతుంది. కలిపినప్పుడు సరిగ్గా పట్టక, ఇంతకు ముందు లేని కొత్త లోపం పుడుతుంది. కప్లర్ వెనుక నుంచి సన్నని సూదితోనే చూడాలి. కీ ఆఫ్ చేసిన వెంటనే ఈసీఎం కప్లర్ లాగకండి. మెయిన్ రిలే కొంతసేపు ఆన్‌లోనే ఉంటుంది, ఈసీఎం తన జ్ఞాపకాలను ఆ సమయంలోనే రాసుకుంటుంది. నిదానించి, బ్యాటరీ నెగటివ్ తీశాకే కప్లర్ ముట్టుకోండి. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ వైర్ల జోలికి అసలు పోవద్దు. సర్క్యూట్_సుబ్బు గారు చెప్పిన ఆ 65, 80 వోల్టులు వాటిలోనే ఉంటాయి.

బెజవాడ_డ్రైవర్
ఆటోనగర్‌లో వైరింగ్ పని తెలిసిన ఒక మేస్త్రిని పక్కన పెట్టుకుని కొలతలు తీసుకున్నాం. బ్యాటరీ 12.6 వోల్టులు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10.4 వోల్టులు. ఎర్త్ దగ్గర తేడా 0.04 వోల్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు చార్జింగ్ 14.2 వోల్టులు. హెడ్‌లైటు బల్బు నిండుగా వెలిగింది.

పాత_షెడ్డు
ఇవన్నీ మంచి అంకెలే. ఎర్త్ మీద నా అనుమానం తీరింది.

అనంత_రోడ్లు
ఇంత శ్రమ కన్నా పాత ఈసీఎం బిగించి చూస్తే ఒక్క పూటలో తేలేది కదా. లోపం అప్పటికీ ఉంటే కారుదే అని తెలిసిపోతుంది.

సర్క్యూట్_సుబ్బు
వేరే కారు ఈసీఎం బిగించినంత మాత్రాన బండి స్టార్ట్ అవుతుందని అనుకోకూడదు. దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ రహస్య సంకేతం కీ, ఈసీఎం మధ్య కలవాలి. కలవకపోతే ఇంజిన్ అసలు అందుకోదు, లేదా అందుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది. డాష్‌బోర్డు మీద తాళం గుర్తు మెరుస్తూ ఉంటుంది. చూసేవారు దానిని కూడా ఈసీఎం లోపమే అనుకుంటారు. పాత బోర్డులోని మెమరీ సమాచారాన్ని కొత్త బోర్డులోకి మార్చితేనే అది మీ కారును గుర్తుపడుతుంది. పైగా ఒకే మోడల్‌లోనూ సాఫ్ట్‌వేర్ సంఖ్యలు మారుతుంటాయి.

డీజిల్ కార్లకు ఇంకొక చిక్కు ఉంది. ప్రతి ఇంజెక్టర్ తల మీద అక్షరాలు, అంకెలతో ఒక సవరణ కోడ్ చెక్కి ఉంటుంది. తయారీలో ఒక్కో ఇంజెక్టర్ పోసే డీజిల్‌లో వచ్చే చిన్న తేడాను సరిచేయడానికి ఆ కోడ్‌ను ఈసీఎంలో రాయాలి. వేరే కారు ఈసీఎంలో వేరే ఇంజెక్టర్ల కోడ్‌లు ఉంటాయి. వాటితో నడిపితే ఐడిల్‌లో అదురు, దడదడ శబ్దం, పొగ వస్తాయి. బెజవాడ_డ్రైవర్ గారి ఇంజెక్టర్లను పరీక్షకు విప్పారు కాబట్టి, తిరిగి బిగించేటప్పుడు వాటి స్థానాలు మారలేదా అన్నది కూడా సరిచూసుకోవడం మంచిది.

అనంత_రోడ్లు
ఇంజెక్టర్ కోడ్‌ల సంగతి నాకు కొత్త. పెట్రోల్ కార్లలో మెమరీ మార్చి పాత ఈసీఎం బిగించినవి బాగానే తిరుగుతున్నాయి కాబట్టి నా అనుభవం అబద్ధం కాదు. డీజిల్‌కు మాత్రం మీ మాట ఒప్పుకుంటాను.

ఓరుగల్లు_స్కానర్
అసలు పరీక్షకు వద్దాం. బెజవాడ_డ్రైవర్ గారూ, దీనిని లోపం ఉన్న సమయంలోనే చేయాలి. బండి మామూలుగా ఉన్నప్పుడు కొలిస్తే అన్నీ బాగానే కనిపించి మనల్ని పక్కదారి పట్టిస్తాయి.

బండిని వేడెక్కించి, ఆగిపోగానే కీ ఆన్‌లో ఉంచండి. టర్బో ప్రెషర్ సెన్సార్ కప్లర్‌లోని 5 వోల్టుల పిన్ను దగ్గర మీటరు పెట్టండి. 5 వోల్టుల దగ్గర కాకుండా చాలా తక్కువగా కనిపించాలి. మీటరు చూస్తూ ‘ఏ’ లైను మీది సెన్సార్ల కప్లర్లను ఒక్కొక్కటిగా ఊడదీయండి. ఏది తీయగానే 5 వోల్టులు తిరిగొస్తాయో ఆ సెన్సారే దోషి. అన్నీ తీసినా తిరిగిరాకపోతే వైరు లేదా ఈసీఎం. ఆ రెండింటిని వేరు చేయడానికి కీ ఆఫ్ చేసి, ఈసీఎం కప్లర్ నుంచి ఆ ఒక్క వైరు పిన్నును బయటికి తీసి, కప్లర్ తిరిగి కలిపి కీ ఆన్ చేయాలి. ఈసీఎం తన పిన్ను దగ్గర 5 వోల్టులు ఇస్తోందంటే అది నిర్దోషి. ఇవ్వకపోతే రిపేరు చేసినవారికి ఆ కొలతతో సహా పంపండి, వారు కాదనలేరు.

గాజువాక_గ్యారేజ్
పిన్ను తీసి చూడడమన్నది నేను ఎప్పుడూ చేయలేదు. అది చేస్తే తిరిగి పంపాలా వద్దా అన్నది కచ్చితంగా తేలుతుంది. ఫలితం కోసం నేనూ ఎదురుచూస్తాను.

న్యూజెర్సీ_నాని
నీటిలో మునిగిన కారు కాబట్టి కప్లర్ల లోపల ఆకుపచ్చ, తెల్ల బూజులాంటి తుప్పు ఉందేమో కూడా చూడండి. రెండు పిన్నుల మధ్య అలాంటి తుప్పు పేరుకుంటే అది కూడా కరెంటుకు దారి ఇస్తుంది.

సర్క్యూట్_సుబ్బు
నిజమే. మునిగిన కార్ల ఈసీఎం విప్పినప్పుడు నేను మొదట చూసేది కప్లర్ పిన్నుల మొదళ్లనే. నీరు వైరు పోగుల మధ్య నుంచి పాకుతూ వచ్చి ఈసీఎం లోపలికి చేరిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఈసీఎం పెట్టె పైన సీలు ఎంత బాగున్నా అది ఆపలేదు.

బెజవాడ_డ్రైవర్
పరీక్ష పూర్తయింది. మేస్త్రి ఓపికకు నేను రుణపడి ఉన్నాను.

బండిని రామవరప్పాడు రింగు దాకా తీసుకెళ్లి తిరిగొస్తుండగా ఆగింది. టర్బో సెన్సార్ దగ్గర 5 వోల్టులకు బదులు 0.3 వోల్టు కనిపించింది. సెన్సార్ల కప్లర్లు అన్నీ ఊడదీశాం, పెడల్ కప్లర్ కూడా తీశాం. మార్పు లేదు. తరవాత ఈసీఎం కప్లర్‌లోని పిన్ను బయటికి తీసి చూశాం. ఈసీఎం వైపు 5.02 వోల్టులు వచ్చాయి. విడిగా ఉన్న ఆ వైరుకూ ఎర్త్‌కూ మధ్య నిరోధం కొలిస్తే దాదాపు సున్నా. మేస్త్రి ఇంజిన్ మీది వైరింగ్ కట్టను చేత్తో కదిలిస్తుంటే మీటరు అంకెలు ఎగిరిపడ్డాయి.

వైరింగ్_లక్ష్మి
అయితే ఈసీఎంను వదిలేయండి. కట్టను కొద్దికొద్దిగా కదిలిస్తూ, అంకె మారే చోటును పట్టుకోండి. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య కట్ట వంగే చోటు, ఏదైనా ఇనుప బ్రాకెట్ అంచు మీదుగా పోయే చోటు, పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ దగ్గర వేడి తగిలే చోటు ముందుగా చూడండి. ఇంజిన్ వేడెక్కాకే, గతుకుల్లోనే లోపం రావడానికి కారణం అక్కడే ఉంటుంది. వేడికి వైరు పైపొర మెత్తబడుతుంది, గతుకుల్లో ఇంజిన్ ఊగినప్పుడు కట్ట లోహానికి ఒత్తుకుంటుంది.

సర్క్యూట్_సుబ్బు
దొరికిన చోట ఇంజెక్టర్ వైర్లు కూడా పోతున్నాయేమో తప్పక చూడండి. నా మొదటి ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

బెజవాడ_డ్రైవర్
దొరికింది. ఇన్‌టేక్ కింద ఒక ఇనుప బ్రాకెట్ ఉంది. దాని పైన కట్టను ఎత్తి పట్టుకోవడానికి కంపెనీ అమర్చే ప్లాస్టిక్ క్లిప్ అక్కడ లేదు, క్లిప్ కూర్చునే రంధ్రం మాత్రం ఖాళీగా ఉంది. వరద తరవాత వైరింగ్ విప్పి ఆరబెట్టినప్పుడు ఆ క్లిప్ తిరిగి పెట్టలేదని మేస్త్రి అంటున్నారు. క్లిప్ లేక కట్ట జారి బ్రాకెట్ అంచు మీద పడింది. పైనున్న ముడతల పైపు కోసుకుపోయింది. లోపల రెండు వైర్ల పైపొర అరిగి రాగి బయటపడింది. ఒకటి 5 వోల్టుల ‘ఏ’ లైను. రెండోది రెండో సిలిండర్ ఇంజెక్టర్ వైరు.

సర్క్యూట్_సుబ్బు
మోస్‌ఫెట్‌ను కాల్చింది ఆ రెండో వైరే. ఇంజెక్టర్ వైరు బ్రాకెట్‌కు తగిలిన ప్రతిసారీ నిల్వ ఉన్న వోల్టేజీ అంతా మోస్‌ఫెట్ గుండా ఎర్త్‌లోకి పోయింది. ఈసీఎంలో రక్షణ ఉంటుంది, కానీ అదే దెబ్బ పదేపదే తగిలితే తట్టుకోలేదు. రిపేరు చేసినవారు తమ పని సరిగ్గానే చేశారు. కారును ఎవరూ చూడకుండా బోర్డును మాత్రమే పంపడం వల్ల ఇది ఇక్కడిదాకా వచ్చింది.

గాజువాక_గ్యారేజ్
నేను తిరిగి పంపమన్నది ఈసీఎం నిర్దోషి అని తెలియక ముందు. పిన్ను తీసి చూసే పద్ధతిని రేపటి నుంచి మా షెడ్డులో కూడా పాటిస్తాం. ఆ వైర్లకు సాల్డరింగ్ చేయించండి, గట్టిగా ఉంటుంది.

వైరింగ్_లక్ష్మి
ఇంజిన్ మీద అదిరే చోట సాల్డరింగ్ వద్దు. కరిగిన సీసం పోగుల మధ్యకు పాకి ఆ భాగం బిరుసెక్కుతుంది. అదురుకు ఆ బిరుసు ముగిసే చోట వైరు తెగుతుంది. సరైన పరిమాణం గొట్టంతో, సరైన పనిముట్టుతో క్రింప్ చేసి (నొక్కి బిగించి), లోపల జిగురు ఉండి వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ తొడగాలి. ఇంజెక్టర్ వైర్లు జతగా మెలితిప్పి ఉంటాయి. అతికాక ఆ మెలికలు అలాగే ఉంచాలి, మందం తగ్గించకూడదు. ఆ పైన వేడిని తట్టుకునే గుడ్డ టేపు చుట్టి, కొత్త ముడతల పైపు వేసి, అసలు క్లిప్ కొని అదే రంధ్రంలో బిగించండి. క్లిప్ బదులు ప్లాస్టిక్ టై కట్టి సరిపెట్టవద్దు.

పాత_షెడ్డు
మా తరం సాల్డరింగ్‌తోనే బతికింది, సరిగ్గా చేసినవి ఇప్పటికీ నడుస్తున్నాయి. అయినా ఇంజెక్టర్ వైరు విషయంలో లక్ష్మి గారి మాటే వినండి. అక్కడ ప్రయోగం చేయకూడదు.

బెజవాడ_డ్రైవర్
క్రింప్ చేసి, క్లిప్ తెప్పించి బిగించాం. కోడ్‌లు తుడిచి, అదే దారిలో అదే వేడికి నడిపాం. 5 వోల్టుల లైను 5.01 దగ్గర నిలకడగా ఉంది. కట్టను కదిలించినా అంకె కదలలేదు. బండి ఆగలేదు.

సర్క్యూట్_సుబ్బు
సంతోషం. ఒక పని మిగిలి ఉంది. ఇంజెక్టర్ వైరు అరిగి ఉండగానే రిపేరైన ఈసీఎంతో బండి కొంతకాలం తిరిగింది. కొత్త మోస్‌ఫెట్‌కు దెబ్బ తగిలిందేమో చూడాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఐడిల్‌లో స్కానర్‌తో ఒక్కో సిలిండర్‌కు ఈసీఎం చేస్తున్న ఇంధన సవరణ విలువలు చూసి ఇక్కడ రాయండి. ఇంజెక్టర్ కోడ్‌లు కూడా వరసగా సరిచూడండి.

బెజవాడ_డ్రైవర్
ఇంజెక్టర్ల మీది కోడ్‌లు, ఈసీఎంలోని కోడ్‌లు నాలుగూ సరిపోయాయి. సవరణ విలువలు ఒకటో సిలిండర్ నుంచి వరసగా ప్లస్ 0.4, మైనస్ 0.6, ప్లస్ 0.3, మైనస్ 0.1.

సర్క్యూట్_సుబ్బు
నాలుగింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో సిలిండర్‌కు ఇంధనం తక్కువగా అందుతుంటే దాని విలువ ప్లస్ వైపు బాగా పెరిగి ఉండేది. ఈ విలువలను రాసి పెట్టుకుని, వచ్చే ఆయిల్ మార్పు సమయంలో మళ్లీ చూసి పోల్చండి. అలాగే క్లిప్ లేని ఆ రంధ్రం ఫొటో ఇక్కడ పెడితే, వరదలో వైరింగ్ విప్పించుకున్న ఇదే మోడల్ వారు తమ కారులో ఆ చోటు చూసుకుంటారు.

బెజవాడ_డ్రైవర్
ఫొటోలు రెండు తీసి ఉంచాను, కట్ట అరిగినప్పటిది ఒకటి, క్లిప్ బిగించాక ఇంకొకటి. ఈ రాత్రికి పెడతాను.